భుజం మీది రంగు పట్టీ ఏం చేస్తుంది?

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి సగం ఒకే సంగతి మీద ఉన్నాయి. భుజానికో మోచేతికో అంటించుకునే రంగురంగుల సాగే పట్టీ గురించి. ఆటగాళ్ల ఒంటి మీద టీవీలో చూసి కొందరు, మందుల దుకాణంలో ఆ పట్టీ చుట్ట కనబడి కొందరు, ఫిజియోథెరపిస్టు అంటించి పంపాక అనుమానం వచ్చి కొందరు రాశారు. దీని అసలు పేరు కైనీషియాలజీ టేపు. మా క్లినిక్కులో ఆయమ్మ దగ్గర్నుంచి రోగుల దాకా అందరూ రంగు టేపు అనే అంటారు, నేనూ ఆ మాటే వాడతాను.

రాజమహేంద్రవరంలో ఇరవై ఏడేళ్లుగా భుజాలూ చేతులూ చూస్తున్నాను. ఈ టేపును గట్టిగా నమ్మిన రోజులున్నాయి, చూస్తేనే విసుగు పుట్టిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు నా సొరుగులో ఎప్పుడూ రెండు చుట్టలు ఉంటాయి. ఎందుకు ఉన్నాయో, ఎందుకు రెండే ఉన్నాయో కింది జవాబుల్లో చెబుతాను.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. బ్యాడ్మింటన్ ఆడుతుంది. మూడు వారాలుగా స్మాష్ కొట్టినప్పుడల్లా కుడి భుజం నొప్పి అంటోంది. టేపు వేస్తే కండరాలకు బలం వస్తుందనీ, షాట్ వేగం పెరుగుతుందనీ తోటి పిల్లలు చెబుతున్నారట. వచ్చే నెల పోటీలున్నాయి. వేయించమంటారా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: బలం మాట ముందు తేల్చేద్దాం. రాదు. ఆ టేపులో మందు లేదు, విద్యుత్తు లేదు. నూలు గుడ్డ, అందులో సాగే దారాలు, వెనక అలలు అలలుగా పూసిన అక్రిలిక్ జిగురు, అంతే. నిలువుగా లాగితే తన పొడవు మీద ఇంకో 40 నుంచి 60 శాతం దాకా సాగుతుంది, అడ్డంగా సాగదు. జిగురు ఒంటి వేడికి పట్టుకుంటుంది, అందుకే అంటించాక అరచేత్తో రుద్దుతాం.

జపాన్‌లో కెంజో కాసే అనే కైరోప్రాక్టర్ (వెన్నునూ కీళ్లనూ చేత్తో సరిచేసే వైద్యుడు) 1970లలో దీన్ని తయారుచేశారు. అప్పటిదాకా ఆటగాళ్లకు వేసే తెల్ల టేపు గట్టిది, కీలును కదలనివ్వదు. చీలమండ బెణికితే అది మంచిదే. భుజానికి అలా బిగించి కట్టేస్తే మనిషి ఆడేదెలా? కీలును కదలనిస్తూనే ఊరటనిచ్చే టేపు కావాలని ఆయన అనుకున్నారు, ఆ ఆలోచన మంచిదే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా బీచ్ వాలీబాల్ క్రీడాకారిణి కెరీ వాల్ష్ కుడి భుజం మీద నల్లని టేపు సాలెగూడులా కనబడింది. ఆమె ఆ భుజానికి అంతకుముందే శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఆమెకు బంగారు పతకం వచ్చింది, టేపుకు ప్రపంచమంతా గిరాకీ వచ్చింది. పతకం ఎవరి వల్ల వచ్చిందో మీ అమ్మాయికి నేను చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. పదిహేనేళ్ల పిల్ల భుజం పెద్దవాళ్ల భుజం కాదు. దండచేయి ఎముక పైకొస దగ్గర ఇంకా పెరుగుతున్న మెత్తటి పొర ఉండవచ్చు. చేయి తల మీదికెత్తి విసిరే ఆటలు ఎక్కువగా ఆడే పిల్లలకు ఆ పొర ఒత్తిడికి నొచ్చుకుంటుంది. పైకి చూస్తే అది మామూలు కండరాల నొప్పిలాగే ఉంటుంది. దాని మీద టేపు అంటించి, నొప్పి కాస్త తగ్గిందని రోజుకు రెండు పూటలా స్మాష్‌లు కొట్టిస్తే ఏమవుతుందో ఊహించండి. మూడు వారాలు అయింది కాబట్టి ముందు ఎముకల డాక్టరుకు చూపించండి, ఆయన ఎక్స్‌రే తీయమంటే తీయించండి. ఆ లోపల తల మీదికెత్తి కొట్టే షాట్లు ఆపించండి. నెట్ దగ్గరి ఆట, కాళ్ల కదలిక, సర్వీసు సాధన మానక్కర్లేదు.

ఎముక బాగానే ఉందని తేలితే ఒక పని చేయండి. ఈ మూడు వారాల ముందు సాధన ఎంత పెరిగిందో రాసుకోండి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి జబ్బు భుజంలో ఉండదు, సాధన పట్టికలో ఉంటుంది. వేసవి శిక్షణ శిబిరం మొదలవగానే గంటన్నర ఆడే పిల్ల నాలుగు గంటలు ఆడుతుంది. కోచ్‌తో మాట్లాడి స్మాష్‌లు లెక్కపెట్టించి, వారం వారం కొద్దికొద్దిగా పెంచండి. పోటీ రోజున టేపు ఉంటే ధైర్యంగా ఉంటుందని అమ్మాయి అడిగితే వేయించండి, తప్పు లేదు. రెండు వేళ్ల వెడల్పు గుడ్డ ముక్క ఇచ్చే ధైర్యానికి నేను అడ్డు చెప్పను.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, గుంట మగ్గం మీద నేస్తాను. రెండు నెలలుగా కుడి చేయి పక్కకు ఎత్తుతుంటే సగం ఎత్తులో కత్తితో పొడిచినట్టు నొప్పి. అది దాటి పైకి పోతే నొప్పి ఉండదు. ఫిజియోథెరపీకి వెళ్తే టేపు వేశారు. వేసిన నిమిషంలోనే చేయి పైకి లేచింది, నమ్మలేకపోయాను. మూడో రోజుకు మళ్లీ మామూలే. అలా నాలుగుసార్లు వేయించుకున్నాను. సారికి మూడు వందలు. వేయించుకుంటూ పోతే పూర్తిగా తగ్గుతుందా? – ఒక నేత కార్మికుడు, మంగళగిరి

జవాబు: ఈ కట్టలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన ఉత్తరం మీదే. మీరు చూసినది నిజం, మూడో రోజు జరిగినదీ నిజమే. రెండూ ఎందుకు నిజమో చెబుతాను.

చేయి పూర్తిగా పైకెత్తడం అంటే 180 డిగ్రీలు. అందులో 120 డిగ్రీలు గూడలోని బంతి గిన్నె కీలులో జరిగితే, మిగతా 60 వీపు మీదున్న రెక్క ఎముక తిరగడం వల్ల వస్తాయి. గూడ రెండడుగులు వేస్తే రెక్క ఒక అడుగు వేయాలన్నమాట. బంతి గిన్నెలోంచి పక్కకు జరగకుండా నాలుగు చిన్న కండరాలు చుట్టూ పట్టుకుని ఉంటాయి. వీటినే డాక్టర్లు రొటేటర్ కఫ్ అంటారు. రోజంతా ఒకే ఊపున తాడు లాగి నాడెను పంపే చేతిలో ఆ కండరాల కొసలు అలిసి నొచ్చుకుంటాయి. అప్పుడు చేయి 60 డిగ్రీలు దాటినప్పటి నుంచి 120 దాకా నొప్పి ఉండి, ఆ తర్వాత పోతుంది. మీరు రాసింది అచ్చం ఇదే. ఉత్తరం చదివి రోగం ఖాయం చేయడం నాకు ఇష్టం ఉండదు గానీ, మీ వర్ణన నా విద్యార్థుల జవాబు పత్రాల కంటే స్పష్టంగా ఉంది.

టేపు ఆ కండరాల దాకా వెళ్లదు. వాటి మీద ఇంకో పెద్ద కండరం, కొవ్వు, చర్మం ఉన్నాయి. టేపు తాకేది చర్మాన్నే. చర్మంలో స్పర్శనూ సాగడాన్నీ పసిగట్టే నరాల కొసలు లక్షలున్నాయి. చేయి కదిలినప్పుడల్లా టేపు చర్మాన్ని కొద్దిగా లాగుతుంది, ఆ కబురు వెన్నుపాముకు చేరుతుంది. గుమ్మం తగిలి మోచేయి కొట్టుకుంటే వెంటనే అరచేత్తో రుద్దుకుంటాం కదా, ఎందుకు హాయిగా ఉంటుంది? రుద్దిన స్పర్శ కబురు, నొప్పి కబురుకు దారి ఇరుకు చేస్తుంది. వెన్నుపాములో ఇలాంటి ద్వారం ఒకటి ఉంటుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. టేపు చేసే మేలులో పెద్ద భాగం ఇదేనని నా అభిప్రాయం. ఆగకుండా ఎవరో భుజం నిమురుతున్నట్టు అది పనిచేస్తుంది. దానికి తోడు, చికిత్స జరిగిందన్న నమ్మకం. నమ్మకం అంటే భ్రమ అనుకోవద్దు. భయపడి బిగబట్టిన చేయి బిగువు వదలడం కూడా చికిత్సలో భాగమే.

మీ అనుభవాన్నే దాదాపు అక్షరాలా చూపిన పరిశోధన ఒకటుంది. 2008లో అమెరికాలో ఇదే రకం భుజం నొప్పి ఉన్న 42 మంది విద్యార్థులను తీసుకుని, కొందరికి పద్ధతి ప్రకారం, కొందరికి ఊరికే పేరుకు టేపు వేశారు. పద్ధతి ప్రకారం వేసినవాళ్ల చేయి ఆ క్షణంలో సగటున 17 డిగ్రీలు ఎక్కువగా, నొప్పి లేకుండా లేచింది. మూడో రోజు, ఆరో రోజు కొలిస్తే రెండు గుంపులకూ తేడా లేదు. ఆ తర్వాత ఈ నొప్పికి టేపు మీద జరిగిన 23 పరీక్షలను, అంటే వెయ్యికి పైగా రోగుల ఫలితాలను, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2021లో ఒకచోట చేర్చి చూసింది. ఉత్తుత్తి టేపు కంటే అసలు టేపు మేలని గట్టిగా చెప్పే ఆధారం అందులో దొరకలేదు.

అయితే నేను ఎందుకు వేస్తాను? ఆ మొదటి రెండు రోజుల కోసం. నొప్పి తగ్గిన ఆ కాస్త వ్యవధిలో రోగి చేత వ్యాయామం చేయించగలను. మీకు నాలుగుసార్లు ఆ వ్యవధి దొరికింది. ఆ రోజుల్లో ఏం చేశారని అడిగితే మీ జవాబు నాకు తెలుసు. మగ్గం ఎక్కి ఉంటారు. రెక్కాడితే గానీ డొక్కాడని పనిలో ఉన్నవారిని దానికి తప్పు పట్టలేను.

తప్పు పట్టే అర్హత కూడా నాకు లేదు. ఆరేళ్ల కిందట అటక మీది ఆవకాయ జాడీ దించబోయి నా భుజమూ ఇలాగే పట్టేసింది. మా క్లినిక్కులో పనిచేసే అమ్మాయి టేపు వేసింది, గంటలో హాయిగా ఉంది. టేపు ఉంది కదా అన్న ధైర్యంతో మర్నాడు అదే జాడీని మళ్లీ అటక మీదికి ఎక్కించాను. తర్వాత పది వారాలు పట్టింది.

ఇక ఇప్పటి నుంచి చేయవలసినవి. గోడకు ఎదురుగా నిలబడి, అరచేతి కింద తువ్వాలు పెట్టి, దాన్ని గోడ మీద పైకి జరుపుతూ చేయి ఎత్తండి. నెమ్మదిగా దించండి. పది పది చొప్పున మూడు విడతలు. రెండోది రబ్బరు బ్యాండుతో. దాన్ని కిటికీ ఊచకు కట్టి, మోచేయి నడుముకు ఆనించి ఉంచి, ముంజేతిని బయటి వైపుకు లాగాలి. మూడోది, అదే బ్యాండును రెండు చేతులతో పట్టుకుని మోచేతులు వెనక్కి లాగుతూ రెండు రెక్కలూ వీపు మధ్యకు దగ్గరగా తేవడం. ఇవి రోజు విడిచి రోజు. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాడు పొద్దుటికి అది సర్దుకోవాలి. సర్దుకోకపోతే బ్యాండు లాగే బలం తగ్గించండి, మానేయవద్దు. పన్నెండు వారాలు ఓపిక పట్టాలి. ఈ మాట మూడు వందలు తీసుకునే చోట ఎవరూ మీకు చెప్పలేదని నా అనుమానం.

మగ్గం దగ్గర అరగంటకోసారి రెండు నిమిషాలు చేయి వదిలేయండి. లాగే తాడు పిడి భుజం ఎత్తున ఉంటే తాడు పొడవు పెంచి పిడిని ఛాతీ కిందికి దించండి. టేపు ఇంకో రెండుసార్లు వేయించుకోండి, ఆ డబ్బుకు తగ్గ వ్యాయామం చేస్తానంటేనే. కింద పడిన తర్వాత చేయి అసలు లేవకపోయినా, రాత్రిళ్లు నిద్ర పట్టనంత నొప్పి వచ్చినా, చేయి తిమ్మిరెక్కినా డాక్టరుకు చూపించాలి. మరో సంగతి, మీకు సంబంధం లేకపోయినా చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. నడిచినప్పుడు వచ్చి, కూర్చుంటే తగ్గే భుజం నొప్పి, చెమటలతో ఛాతీ బిగింపుతో వచ్చే నొప్పి గుండెది కావచ్చు. అప్పుడు నా దగ్గరికి కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మేడం, నేను బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) మూడో సంవత్సరం చదువుతున్నాను. కండరం మొదలు నుంచి చివరికి టేపు వేస్తే అది చురుకవుతుందనీ, చివరి నుంచి మొదలుకు వేస్తే సడలుతుందనీ మాకు నేర్పారు. టేపుకు దిక్కు ఎలా తెలుస్తుంది? క్లాసులో అడిగితే నవ్వారు. – ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: నవ్వనీ తల్లీ. అడగవలసిన ప్రశ్న అడిగావు.

పదకొండేళ్ల కిందట ఒక లారీ డ్రైవరు మెడ, భుజం పట్టేసి వచ్చాడు. మెడ పక్క కండరాన్ని సడలించాలి కాబట్టి భుజం కొస నుంచి మెడ పైకి టేపు వేయాలి. సాయంత్రం ఏడు దాటింది, కరెంటు పోయింది, ఇన్వర్టరు వెలుగులో వేసి పంపాను. రాత్రి అన్నం తింటుంటే గుర్తొచ్చింది, తిరగేసి వేశానని. పుస్తకం ప్రకారం అతని కండరం ఇంకా బిగుసుకుపోవాలి. మర్నాడు పొద్దున్నే ఫోను చేశాను. “మేడం, నిన్న వేసినట్టే వేయండి, ఇదివరకు వేసిన వాటికంటే ఇదే బాగుంది” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. తర్వాత కొన్నాళ్లు కావాలనే దిక్కులు మార్చి చూశాను. ఒక్క క్లినిక్కులో ఒక్క మనిషి చూసినది శాస్త్రం కాదు, ఆ ముచ్చట నాకు తెలుసు. అయినా ఆ లారీ డ్రైవరు నా పుస్తకానికి పెట్టిన పగులు మళ్లీ అతకలేదు.

శాస్త్రం సంగతి కూడా చూడు. టేపు పేరు కూడా తెలియని మనుషులను ఎంచుకుని హాంకాంగ్‌లో కొన్ని పరీక్షలు చేశారు. 2015లో వచ్చిన ఒకదానిలో కళ్లకు గంతలు కట్టి, కండరాన్ని కొలిచే సెన్సర్లు అంటిస్తున్నామని చెప్పి తొడ మీద టేపు వేశారు. టేపు ఉన్నా, పేరుకు అంటించినా, అసలు లేకున్నా కాలి బలం ఒకటే. మరుసటి ఏడాది వచ్చినది మన చేతి గురించే. ముంజేతి వెనక కండరాల మీద ఒకసారి చురుకు దిక్కున, ఒకసారి సడలింపు దిక్కున వేసి, పిడికిలి పట్టునూ కండరంలోని విద్యుత్ చలనాన్నీ కొలిచారు. ఏ దిక్కుకూ తేడా రాలేదు. టేపు గురించి ముందే విన్నవాళ్లను తీసుకుంటే, బలం వస్తుందన్న ఆశే ఫలితాన్ని కొంత పెంచే ప్రమాదం ఉంది. అందుకే వాళ్లు అంత నాటకం ఆడారు. ఆ నాటకం నాకు బాగా నచ్చింది.

చర్మం మీద ముడతలు పడితే అడుగున ఖాళీ ఏర్పడి రక్తం, లింఫు (కణాల మధ్య నుంచి వచ్చే పలచటి ద్రవం) బాగా పారతాయని కూడా మీకు చెప్పి ఉంటారు. నడుము నొప్పి రోగులకు ముడతలు పడేలా కొందరికి, పడకుండా కొందరికి వేసి చూసిన పరీక్ష 2014లో వచ్చింది. ఫలితం ఇద్దరికీ ఒకటే.

పరీక్షలో మాత్రం సిలబస్‌లో ఉన్నదే రాయి, మార్కులు పోగొట్టుకోకు. రోగి ముందు నిలబడినప్పుడు టేపు వేయకముందు చేయి ఎంత లేచిందో కొలిచి, వేశాక మళ్లీ కొలువు. తేడా లేకపోతే పీకేయి. ఏ సిద్ధాంతం కన్నా కీలు కోణం కొలిచే గోనియోమీటరు నీకు ఎక్కువ నిజం చెబుతుంది.

ప్రశ్న: షుగరు ఉంది, వయసు 58. ఎడమ చేయి వెనక్కి పోవడం లేదు, వెనక జేబులోంచి పర్సు తీయలేను. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. టేపు పనికొస్తుందా? – విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: రాదు. మీ భుజంలో కీలు చుట్టూ ఉండే సంచి మందమెక్కి ముడుచుకుపోయింది. పైన అంటించే గుడ్డ దాన్ని సాగదీయలేదు. షుగరు ఉన్నవాళ్లకు ఇది మిగతావాళ్ల కంటే ఎక్కువ వస్తుంది, ఎక్కువ కాలం ఉంటుంది, ఏడాది నుంచి మూడేళ్లు పట్టవచ్చు. షుగరు అదుపు, రోజూ ఓర్చుకోగలిగినంత సాగదీత, మొదటి నెలల్లో నొప్పి మరీ ఎక్కువైతే డాక్టరు సలహాతో కీలులోకి ఇంజెక్షను. ఇంజెక్షను తర్వాత కొద్ది రోజులు షుగరు పెరుగుతుంది, చూసుకుంటూ ఉండండి. పర్సు చొక్కా జేబులో పెట్టుకోండి.

ప్రశ్న: మా అత్తగారికి 68 ఏళ్లు. పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. ఎడమ చేయి వేలాడుతోంది, భుజం పైన వేలు పట్టేంత గుంట పడింది. టేపు వేస్తే చేయి మళ్లీ లేస్తుందని ఒకరు చెప్పారు. – ఒక కోడలు, వరంగల్

జవాబు: అమ్మా, చేయి లేవాలంటే మెదడు నుంచి ఆజ్ఞ రావాలి. ఆజ్ఞ రాక కండరాలు పట్టు వదిలేశాయి, చేతి బరువుకు బంతి గిన్నెలోంచి కిందికి జారింది, అదే ఆ గుంట. టేపు వల్ల నొప్పి కొంత తగ్గవచ్చు, గూడను జాగ్రత్తగా చూసుకోవాలని ఇంట్లోవాళ్లకు గుర్తుచేస్తుంది కూడా. ఆజ్ఞ మాత్రం అది పంపలేదు.

మీ చేతిలో ఉన్న పని టేపు కంటే పెద్దది. ఆమెను లేపేటప్పుడు ఆ చేయి పట్టుకుని గానీ చంకల కింద చేతులు వేసి గానీ ఎవరూ లాగకూడదు. ఇంటికి వచ్చిపోయే చుట్టాలకూ ఈ మాట చెప్పండి, ఎక్కువగా లాగేది వాళ్లే. కూర్చున్నప్పుడు ముంజేయి దిండు మీదో బల్ల మీదో ఆని ఉండాలి, వేలాడకూడదు. రవిక తొడిగేటప్పుడు పడిపోయిన చేయి ముందు, విప్పేటప్పుడు అది చివర. బల్ల మీద గుడ్డ పరిచి రెండు చేతులూ దాని మీద పెట్టించి ముందుకూ వెనక్కూ తుడిపించండి. రోజుకు పది నిమిషాలు కాదు, ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు. మంచి చేయి చాలావరకు తోడు లాగుతుంది, లాగనివ్వండి.

టేపు వేయిస్తే ఒక జాగ్రత్త. ఆమెకు ఆ చేతిలో స్పర్శ తగ్గి ఉండవచ్చు, కింద బొబ్బ లేచినా చెప్పలేరు. అంచులు ఎర్రబడ్డాయేమో రోజూ మీరే చూడాలి.

ప్రశ్న: నీలం టేపు చల్లదనం ఇస్తుందా, ఎరుపు వేడి చేస్తుందా? – భీమవరం నుంచి ఒకరు

జవాబు: రెండూ ఒకే గుడ్డ, ఒకే జిగురు. చీరకు నప్పే రంగు అడిగి మరీ వేయించుకునేవాళ్లున్నారు, రంగు ఎంచుకోవడానికి అదే మెరుగైన కారణం.

ప్రశ్న: టేపు తీసేటప్పుడు చర్మం లేచిపోయినంత పనైంది, ఇప్పుడు దురద, ఎర్రటి చారలు. నాకు పడదా? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: తీసిన తీరు తెలిస్తే సగం చెప్పగలను. ఒక్క ఊపులో పీకారు, అవునా? పొడిగా ఉన్న టేపును ఎప్పుడూ అలా పీకవద్దు. కొబ్బరినూనె రాసి పది నిమిషాలు నాననివ్వండి. వెంట్రుకలు వాలిన దిక్కుకే, ఒక చేత్తో చర్మాన్ని వెనక్కి నొక్కి పట్టి, మరో చేత్తో టేపును దాని మీదికే మడుస్తూ తీయాలి. పైకి లాగకూడదు. తీసేటప్పుడు నూనె ఎంత మంచిదో, వేసేటప్పుడు అంత శత్రువు. ఒంటికి నూనె రాసుకుని క్లినిక్కుకు వచ్చి, టేపు నిలవడం లేదని నాతో పోట్లాడేవాళ్లు ఏటా ఉంటారు.

రెండో సగం, వేసిన తీరు. రెండు కొసలనూ రెండు వేళ్ల మేర అసలు సాగదీయకుండా అంటించాలి. కొసను లాగి అంటిస్తే అది రోజంతా చర్మాన్ని గిల్లుతుంది, బొబ్బలు వచ్చేది అక్కడే. మే నెల ఉక్కపోతలో నేను రెండు రోజులకు మించి ఉంచను. పెట్టె మీద ఐదు రోజులని రాసి ఉంటుంది, ఆ రాసినవాళ్లు నెల్లూరు ఎండ చూసి ఉండరు. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే లేవకుండా ఉంటాయి.

ఇలా అన్నీ సరిగా చేసినా టేపు ఆకారంలోనే దురద, దద్దురు వస్తే మీకు ఆ జిగురు పడదు, ఇక వాడవద్దు. పుండ్లు, గాయాలు, చర్మ వ్యాధి ఉన్నచోట, కాన్సర్ గడ్డ ఉన్నచోట, రక్తనాళంలో గడ్డ కట్టిందని అనుమానం ఉన్న చేయి లేదా కాలి మీద ఎవరికీ వేయకూడదు. వయసు మీదపడి చర్మం కాగితంలా పలచబడినవాళ్లకు నేను వేయను.

ప్రశ్న: నేను పెళ్లిళ్లకు వంటలు చేస్తాను. గరిటె తిప్పీ తిప్పీ కుడి మోచేయి బయటి వైపు నొప్పి. గ్లాసు ఎత్తినా నొప్పే. మందుల దుకాణంలో టేపు కొన్నాను. నేనే వేసుకోవచ్చా? సూది వేయించుకుంటే ఒక్క దెబ్బకు పోతుందంటున్నారు. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రాకెట్ పట్టనివాళ్లకు వచ్చినా దీన్ని టెన్నిస్ ఎల్బో అనే అంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో టెన్నిస్ ఆడేవాళ్లు ఒక్కరూ లేరు. వంటవాళ్లు, వడ్రంగులు, తడిబట్టలు పిండే ఆడవాళ్లే అందరూ. మణికట్టును పైకెత్తే కండరాలన్నీ మోచేయి బయటి బొడిపె దగ్గర ఒకేచోట అతుక్కుని ఉంటాయి. గరిటె గట్టిగా పట్టుకున్న ప్రతిసారీ ఆ అతుకు మీద లాగుడు పడుతుంది.

టేపు వేసుకోవచ్చు, అపాయం లేదు. మోచేయి చాచి, మణికట్టు కిందికి వంచి, మణికట్టు వెనక నుంచి మోచేతి బొడిపె దాకా ఒక్క ముక్క, దాదాపు లాగకుండా. ఎడమ చేత్తో మీకు సరిగా రాదు, ఇంట్లో ఒకరిని పిలవండి. దానివల్ల పట్టు బలం పెరుగుతుందని ఎదురుచూడకండి. నొప్పి ఓ పిసరు తగ్గితే, ఆ పూటే వ్యాయామం మొదలుపెట్టండి. ముంజేయి బల్ల మీద, అరచేయి కిందికి, చేతిలో అర లీటరు నీళ్ల సీసా. మణికట్టు పైకెత్తి ముప్పై లెక్కపెట్టేదాకా ఆపి, నెమ్మదిగా దించాలి. ఐదుసార్లు, రోజూ. రెండు వారాల తర్వాత ఆపడం మాని, మెల్లగా ఎత్తి మెల్లగా దించడం. ఆపైన లీటరు సీసా.

సూది సంగతి. స్టెరాయిడ్ ఇంజెక్షను ఓ నెలన్నర బ్రహ్మాండంగా ఉంటుంది. ఏడాది గడిచేసరికి వేయించుకున్నవాళ్లే వేయించుకోనివాళ్లకంటే వెనకబడినట్టు పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది. పెళ్లిళ్ల కాలంలో ఆ నెలన్నర ఎంత విలువైనదో నాకు తెలుసు, అయినా వద్దనే అంటాను.

గిన్నెలు ఎత్తేటప్పుడు అరచేయి పైకి ఉండేలా కింది నుంచి ఎత్తండి, పై నుంచి అంచు పట్టి ఎత్తవద్దు. గరిటె పిడి సన్నగా ఉంటే పాత నూలు గుడ్డ చుట్టి లావు చేయండి, పట్టు వదులుగా ఉన్నా జారదు. పులిహోర కలపడం వారం పది రోజులు మీ సహాయకులకు అప్పగించండి. ఉప్పు చూడటం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.